పెద్దక్క చూడలేదంది

పెద్దక్క పోయిందని, మేము మునుపు పనిచేసిన ఇంటి డ్రైవరన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఈ అరబ్బు దేశంలో, అర్దియా పేటలో, ఇప్పుడు పనిచేసే ఇంటి ముసలమ్మ దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. "మన పెద్దక్క ఇంక లేదమ్మా. ఊర్లోనే, నిద్దట్లోనే పోయిందంట," అన్నాడు. నేను స్విచ్ ఆపి, స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. చెయ్యి మాత్రం దానంతట అదే ముక్కు మీదికి పోయింది.

నా ముక్కు మధ్యలో ఎడమ పక్కకు ఒరిగి ఉంటుంది. ఆ వైపు గాలి సరిగా ఆడదు. జలుబు చేస్తే నోటితోనే ఊపిరి పీల్చుకోవాలి. కొత్తగా చూసినవాళ్ళు ఏమైందని అడుగుతారు. దెబ్బ తగిలిందని చెప్పి మాట మారుస్తాను. అది విరిగినప్పుడు కన్నతల్లిలా నన్ను చూసుకున్నది పెద్దక్క. అది మళ్ళీ తిన్నగా కాకుండా చేసింది కూడా పెద్దక్కే.

ఆమెకు అమ్మానాన్న పెట్టిన పేరొకటి ఉండేది. మిష్రిఫ్‌లో మేము పనిచేసిన ఇంటివాళ్ళు దాన్ని పలకలేక ఇంకో పేరు పెట్టుకున్నారు. నాకు ఆ రెండూ నోటికి రావు. నేను వెళ్ళిన మొదటి రోజు నుంచి పెద్దక్కా అనే పిలిచాను. ఇక్కడా అట్లాగే రాస్తాను.

పొట్టి మనిషి. కొంచెం భారీ శరీరం. నల్ల స్కార్ఫు చెవుల వెనక్కి బిగించి కట్టుకునేది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఒక పక్కకు ఊగుతూ నడిచేది కాబట్టి ఆమె ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతోందో చెప్పుల చప్పుడును బట్టే తెలిసేది. ఇంట్లో మనుషులతో కంటే యంత్రాలతో ఎక్కువ మాట్లాడేది. బట్టల మిషన్ చివర్లో గడగడమని ఊగుతుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏమ్మే, ఇంగా నీ ఏడుపు అయిపోలేదా?" అని గద్దించేది. పాత ఏసీని ముసలోడు అనేది. "ముసలోనికి దగ్గు తిరుక్కునింది, ఈ ఎండాకాలం దాటడు," అని ప్రతి ఎండాకాలం అనేది. వాడు ప్రతిసారీ దాటేవాడు.

టీ అంటే ప్రాణం. కానీ ఏ టీ పూర్తిగా తాగింది లేదు. సగం తాగి, గ్లాసు మీద సాసరు మూత పెట్టి, ఎవరో పిలిస్తే పోయి, ఆ సంగతే మరిచిపోయేది. సాయంత్రం నేను కిటికీ గట్ల మీదా, మెట్ల పక్కనా, బట్టల గదిలోనూ మూత పెట్టిన గ్లాసులు ఏరుకొచ్చేదాన్ని. "అవి నేను పెట్టింటివి కాదు," అనేది, నా మొహంలోకి చూసి ఏ మాత్రం తడబడకుండా. నేను నవ్వేదాన్ని. అప్పట్లో అది నాకు నవ్వులాటగానే ఉండేది.

నేను రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చాను. ఇంటర్ వరకు చదివాను. అరబీ ఒక్క ముక్క రాదు. ఆమెదీ మా వైపే. నా మాట వినగానే, "మన బిడ్డే," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఇల్లంతా తిప్పి చూపిస్తూ పని నేర్పింది. చివరికి మా గది తలుపు దగ్గర ఆగి, "ఒక్క మాట గుర్తు పెట్టుకో అమ్మీ. ఈ ఇండ్లల్లో మనకు రెండు చెవులుండాల, అర నోరుండాల," అంది. కండ్ల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ ఇంట్లో అజీజ్ అని ఒక్కడే కొడుకు. తర్వాత ఆడపిల్లలు. పెద్దక్క ఆ ఇంటికి వచ్చినప్పుడు వాడు పొత్తిళ్ళలో ఉన్నాడట. అప్పటికి ఊర్లో ఆమె చిన్నకూతురు ఇంకా పాలు మరవలేదు. ఆ పిల్లను తల్లి దగ్గర వదిలి విమానమెక్కి, వచ్చిన రోజే ఈ పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడు మొదట నేర్చుకున్న మాటలు 'దా', 'బువ్వ'. ఆమె ఆడపిల్లలందరినీ అమ్మీ అని పిలవడం విని, అదే ఆమె పేరనుకుని, వాడు ఆమెనే అమ్మీ అని పిలిచేవాడు. నేను వెళ్ళేసరికి వాడికి మీసాలు వస్తున్నాయి. అయినా బడి నుంచి రాగానే వంటింటి తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచేవాడు. ఆమె చేతిలో ఉన్నదేదో ఒక ముద్ద పెట్టేది. వాడు నములుతూ పైకి పోయేవాడు.

కూతుళ్ళతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరో ఆఫీసరుకు జవాబు చెబుతున్నట్టు నిటారుగా నిలబడేది. "బాగుండారా? తిన్నారా? అవ్వ బాగుండాదా? సరే." అంతే. తర్వాత ఫోనును స్కార్ఫు అంచుతో తుడిచి లోపల పెట్టేది. ఇంత తక్కువ మాట్లాడతావేమక్కా అని ఒకసారి అడిగాను. "ఏం మాట్లాడేది? వాళ్ళకు నేను తెల్దు. నాకు వాళ్ళు తెల్దు," అంది. అని వెంటనే, "అజ్జూకు గుడ్డు ఉడకబెట్టినావా?" అని అడిగింది. అజీజ్ ఆమెకు అజ్జూ.

నా ముక్కు విరిగింది ఒక మధ్యాహ్నం. అజీజ్ పరీక్ష తప్పాడు. తప్పితే కారు ఇచ్చేది లేదని వాళ్ళ నాన్న ముందే చెప్పి ఉన్నాడు. ఫోన్లో ఆయనతో అరుచుకుంటూ హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను మెట్లు తుడవడం అయిపోయి బకెట్టు పట్టుకుని హాల్లోకి వచ్చాను. వాడి చేతిలో వ్యాయామానికి తీసుకుపోయే స్టీలు నీళ్ళ సీసా ఉంది, బరువైనది, నిండుగా ఉంది. ఫోన్ పెట్టేసి దాన్ని గోడకేసి విసిరాడు. గోడకే విసిరాడు. నా మీద కాదు. ఇది నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. కానీ గోడకూ వాడికీ మధ్యలో నేనున్నాను.

నొప్పి వెంటనే తెలియలేదు. లోపల ఏదో పుటుక్కుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత నోట్లో ఉప్పగా, వెచ్చగా నెత్తురు. మోకాళ్ళ మీద కూలబడ్డాను. తల ఎత్తి చూస్తే మెట్ల మలుపులో పెద్దక్క నిలబడి ఉంది, చేతిలో మడతపెట్టిన తువ్వాళ్ళు. గబగబా దిగి వచ్చింది. ఆ మోకాళ్ళతో ఆమె అంత వేగంగా దిగడం ఎప్పుడూ చూడలేదు. వచ్చి ముందు వాడి దగ్గరికి పోయింది. వాడి రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు పైకి పో నాయినా. పో. ఏం కాలేదు," అంది తెలుగులోనే. వాడు పైకి పోయాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, తువ్వాలు ముక్కుకు అదిమి, "తల ముందరికి వంచు అమ్మీ, నెత్తురు మింగొద్దు. నేనుండా, నేనుండా," అంటూ వీపు రాసింది. ముందు ఎవరి దగ్గరికి పోయిందన్నది ఆ క్షణంలో నాకు పట్టలేదు. ఆమె వచ్చింది, అది చాలు.

ఆస్పత్రికి డ్రైవరన్న తీసుకుపోయాడు. నా తరఫున మాట్లాడింది పెద్దక్కే. ఏం జరిగిందని డాక్టరు అడిగితే గడగడా చెప్పింది. నాకు అరబీ రాకపోయినా అందులో ఒక్క మాట తెలుసు. దరజ్. మెట్లు. రోజూ కడిగే మెట్లు కాబట్టి ఆ మాట బాగా తెలుసు. మెట్ల మీద పడిందని చెబుతోంది. నేను ఆమె వైపు చూశాను. నోటికి అడ్డంగా తువ్వాలుంది. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. పోనీలే, ఇంటి పరువు, మా ఇద్దరి పని, ఇప్పుడు గొడవెందుకని అనుకుందేమో అనుకున్నాను. నాకూ అదే మంచిదనిపించింది.

బయటికి వచ్చేటప్పుడు ఒక మలయాళీ నర్సు నన్ను పక్కకు పిలిచి హిందీలో చెప్పింది. "ఇప్పుడు వాపు ఉంది కాబట్టి ఏమీ చేయలేరు. వాపు తగ్గగానే రా. ఎముక సరిగా కూర్చోబెడతారు. ఆలస్యం చేయకు. రెండు వారాలు దాటితే ఎట్లా ఉంటే అట్లాగే అతుక్కుపోతుంది." పెద్దక్క కూడా తల ఊపింది.

ఆ తర్వాత ఆమె నాకు చేసిన సేవ ఎవరూ ఎవరికీ చేయరు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలని చెప్పారని తన దిండు కూడా నాకిచ్చి, తను స్కార్ఫు చుట్టి తల కింద పెట్టుకుంది. ఫ్రీజర్లోని బఠాణీల సంచిని గుడ్డలో చుట్టి కళ్ళ కింద పెట్టేది. నోటితో ఊపిరి పీల్చి పీల్చి పెదాలు పగిలితే కొబ్బరినూనె రాసేది. పై పెదవి వాచి నమలలేకపోతే అన్నం మెత్తగా పిసికి, మిరియాల చారు కలిపి, ముద్దలు చేసి తినిపించేది. వంగకూడదని నా ఊడ్పూ తుడుపూ తనే చేసింది. మెట్లు కూడా, ఒక్కో మెట్టు మీదా కూర్చుని మోకాళ్ళు పట్టుకుంటూ.

నా కళ్ళ చుట్టూ నల్లబడింది. "వంకాయ," అనేది నన్ను చూసి. తర్వాత అది ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగుకు తిరిగితే, "ఇప్పుడు మామిడికాయ. రేపో ఎల్లుండో పండుతాది," అనేది. నవ్వితే ముక్కు లోపల పొడిచినట్టుండేది. "నవ్వించొద్దక్కా," అని బతిమాలేదాన్ని. వాసనలు పూర్తిగా పోయాయి. ఆమె కాఫీ పొడి డబ్బా, నలిపిన కొత్తిమీర, యాలకులు తెచ్చి నా మొహం ముందు పెట్టి, "ఇదేంది చెప్పు?" అని పరీక్ష పెట్టేది. కళ్ళు మూసుకుని నేను ఏదో ఒకటి చెబితే, "పాసు," అనేది. అన్నీ తప్పులే చెప్పానని నాకు తెలుసు.

మా గదిలో మేకుకు ఒక చిన్న అద్దం ఉండేది. అది కనిపించలేదు. అడిగితే, "అద్దంలో చూసుకుంటాంటే వాపు తగ్గదంట. నేనే తీసిపెట్టినా," అంది. నమ్మాను. నాకు దిగులు పుడుతుందని దాచిందనుకున్నాను. ఆ రోజుల్లో రోజూ ఒకటే అడిగేదాన్ని. "ఆస్పత్రికి ఎప్పుడు పోదామక్కా?" బొటనవేలితో బుగ్గ నొక్కి చూసి, "ఇంగా వాపుండాది," అనేది. మళ్ళీ అడిగితే, "డాక్టరు సెలవు మీద పోయినాడంట. డ్రైవర్ని కనుక్కోమని చెప్పినా," అంది. వారం దాటింది. రెండో వారమూ పోయింది. నాకు నొప్పి తగ్గింది, మెల్లగా పనులు మొదలుపెట్టాను.

ఒకరోజు ఓవెన్ తలుపు తుడుస్తుంటే ఆ నల్లటి అద్దంలో నా మొహం కనిపించింది. మొదట అద్దం వంకరేమో అనుకున్నాను. అటు జరిగి, ఇటు జరిగి చూశాను. మొహం జరిగింది గాని ముక్కు వంకర పోలేదు. వేళ్ళతో తడిమి చూసుకున్నాను. ఎముక గట్టిగా ఉంది, పక్కకు ఒరిగి ఉంది.

గుడ్డ అక్కడే పడేసి బయటికి పోయి డ్రైవరన్నను అడిగాను. "డాక్టరు ఎప్పుడొస్తాడంట అన్నా?"

"ఏ డాక్టరు?" అన్నాడాయన. "నాకెవురూ ఏం చెప్పలేదే."

మామా హాల్లో కూర్చుని ఉంది. మామా అంటే మా యజమానురాలు. చెడ్డది కాదు. గట్టిగా మాట్లాడుతుందే గాని ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. వచ్చీరాని అరబీలో, చేతులతో ముక్కు చూపించి, నన్ను ఆస్పత్రికి పంపమని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే వద్దన్నావు కదా? ఆపరేషన్ అంటే భయమని, పంపొద్దని మీ పెద్దామె కాళ్ళు పట్టుకుని ఏడ్చావంట కదా?"

నేను ఏడవలేదు. ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. అప్పటికి నాలో ఏదో తెగింది. నేను మెట్ల మీద పడలేదనీ, అజీజ్ విసిరిన సీసా తగిలిందనీ, కావాలని కొట్టలేదు గాని కొట్టింది మాత్రం అదేననీ నాకు వచ్చిన నాలుగు మాటల్లో చెప్పాను. మామా మొహం మారిపోయింది. "ఎవరు చూశారు?"

"పెద్దక్క."

పిలిచింది. పెద్దక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మామా అడిగింది. నేను పెద్దక్క మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు చెబుతుంది, ఇంతదాకా వచ్చాక ఇంకేముంది, చెబుతుంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆమె నన్ను చూడలేదు. తివాచీ అంచు మడత పడి ఉంటే దాన్ని కాలి బొటనవేలితో సరిచేసింది.

"మా షిఫ్త్, మామా," అంది.

చూడలేదని. తర్వాత గడగడా ఇంకేదో చెప్పింది. నేను వచ్చేసరికి మెట్ల కింద పడి ఉంది, నేనే లేపాను అని. ఆ మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. మొదటి రెండు మాటలు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి.

మామా ఆమెను పంపేసి నా వైపు తిరిగింది. "నా కొడుకు మీద అబద్ధం చెబుతావా? ఆమె నా ఇంట్లో ఎన్నేళ్ళ నుంచి ఉందో తెలుసా? ఖలాస్. నీకు రిలీజ్ కాగితం ఇస్తాను. వేరే ఇల్లు చూసుకో."

వంటింట్లోకి పోయాను. ఆమె బియ్యం కడుగుతోంది.

"ఎందుకట్లా చెప్పినావక్కా?"

బియ్యం కడుగుతూనే ఉంది. నీళ్ళు తేటపడ్డాయి, అయినా కడుగుతూనే ఉంది.

"ఆస్పత్రికి మళ్ళా పోతే మళ్ళా అడుగుతారు అమ్మీ. నువ్వు ఈసారి నోరిప్పుతావు. పోలీసులొస్తారు. పిల్లోని పేరు రాసుకుంటారు. రేపు చదువుకు యాడికో పోవాల్సినోడు."

"మరి నా ముక్కు?"

"బతికుండావు కదా. గాలి ఆడతాండాది కదా."

"నేను అబద్ధాలకోరునైపోయినా గదక్కా మామా ముందర!"

అప్పుడు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది. "నీకు రేపు ఇంగో ఇల్లు దొరుకుతాది. నాకు ఇంగో బిడ్డ దొరకడు."

"నీకు ఊర్లో ఇద్దరు బిడ్డలుండారు."

"వాళ్ళు నన్ను అమ్మా అని పిలిచింది ఫోన్లోనే," అని మళ్ళీ గిన్నె వైపు తిరిగింది.

నేను వెళ్ళే రోజు నా బట్టలు ఆమే మడిచి బ్యాగులో పెట్టింది. వద్దన్నా వినలేదు. మడిచేంతసేపూ, జలుబు చేసినప్పుడు ఆవిరి పట్టుకోమనీ, ఆ వైపు తిరిగి పడుకోవద్దనీ చెబుతూనే ఉంది. చిత్రాన్నం పొట్లం కట్టి బ్యాగు పైన పెట్టింది. కారులో దాన్ని బయట పారేద్దామని కిటికీ దించాను. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. పారేయలేక తినేశాను. తింటున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసింది. డ్రైవరన్న అద్దంలో చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

అర్దియాలో ఈ ముసలమ్మ ఇల్లు దొరికింది. మంచి ఇల్లే. అరబీ నేర్చుకున్నాను. ఏళ్ళు గడిచాయి.

మధ్యలో ఒక్కసారి ఆమెను చూశాను, షర్క్ అనే పేటలోని చేపల మార్కెట్లో. మా ముసలమ్మకు జుబేది చేపలంటే ఇష్టం, వాటి కోసం వెళ్ళాను. వెనక నుంచి "అమ్మీ!" అని కేక. మార్కెట్లో సగం మంది తిరిగి చూశారు. బాగా పెద్దదైపోయింది. స్కార్ఫు కింద వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. వచ్చీరాగానే నా సంచిలోని చేపను తీసి, చెవి ఎత్తి చూసి, "వీడు నిన్ను మోసం చేసినాడు, ఇది నిన్నటి చేప," అని కొట్టువాడితో తగువు పెట్టుకుని, మార్పించి, అప్పుడు నా మొహంలోకి చూసింది. చెయ్యెత్తి వేళ్ళతో నా ముక్కు ఎముక తడిమింది. చేపల తడి. నేను వెనక్కి జరగలేదు.

"ఈడ మన మాట తెలిసినోళ్ళు ఎవురూ లేరక్కా," అన్నాను. "మామా లేదు, పోలీసులు లేరు. నాకొక్కదానికే చెప్పు. చూసినావా, లేదా?"

ఆమె చెయ్యి దించింది. మార్కెట్ బయట నిలిపి ఉన్న పెద్ద తెల్ల కారు వైపు చూసింది. స్టీరింగు దగ్గర గడ్డం పెంచిన కుర్రాడెవరో కూర్చుని ఉన్నాడు. అజీజేనని కాసేపటికి గాని గుర్తుపట్టలేదు.

"చూడలే," అంది.

కారు హారన్ మోగింది. ఆమె సంచులు రెండు చేతులా పట్టుకుని, ఆ మోకాళ్ళతో, చేపల నీళ్ళ మీద జారుతుందేమోనని నాకు భయం వేసేంత వేగంగా కారు వైపు పోయింది. వాడు ఏదో అంటూ తలుపు తెరిచి దిగబోయాడు. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టి వాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టింది. ఆమెను చూడటం అదే ఆఖరు. ఆ తర్వాత మోకాళ్ళు పూర్తిగా పట్టేసి ఊరికి పోయిందని డ్రైవరన్న చెప్పాడు. ఇప్పుడు ఈ కబురు.

ఆ సాయంత్రమే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "నేను అజీజ్‌ని. నీ నంబరు డ్రైవర్ ఇచ్చాడు," అన్నాడు అరబీలో. మగవాడి గొంతు. "అమ్మీ పోయింది," అన్నాడు. తెలుసునన్నాను.

"నీకు ఎప్పటి నుంచో చెప్పాలనుకున్నాను. నేను ఆ సీసా విసిరిన రోజు సాయంత్రమే మీ గది దగ్గరికి వచ్చాను, క్షమించమని అడుగుదామని. అమ్మీ తలుపు దగ్గరే ఆపింది. నువ్వు నిద్రపోతున్నావంది. నా మీద నీకు కోపం లేదనీ, నాకు ఇబ్బంది రాకూడదని మెట్ల మీద పడ్డానని నువ్వే అందరికీ చెప్పావనీ చెప్పింది. మార్కెట్లో నిన్ను చూసినప్పుడు కూడా దిగబోయాను. నువ్వు పాత సంగతులు వద్దన్నావని కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళూ నువ్వు నన్ను కాపాడావని అనుకుంటూనే ఉన్నాను. ఒక్కసారీ చెప్పలేకపోయాను."

ముక్కు విరగ్గొట్టినవాడు తలుపు దాకా వచ్చి క్షమించమని అడగబోతే, నా పక్కన కూర్చుని చారన్నం తినిపించిన మనిషి వాణ్ణి వెనక్కి పంపింది. నాకు దక్కాల్సిన ఆ ఒక్క మాట కూడా దక్కనివ్వలేదు. పైగా నా పేరుతో నేను చేయని మంచితనం వాడికి అంటగట్టింది. ఊరుకుంటే నేను మంచిదాన్నిగానే మిగులుతాను, చనిపోయిన మనిషి పేరూ నిలుస్తుంది. ఊరుకుందామనే అనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"నేను నిన్ను కాపాడలేదు, అజీజ్. మీ అమ్మకు నిజమే చెప్పాను. ఆమె నమ్మలేదు. పెద్దక్కను అడిగితే చూడలేదంది. అందుకే నన్ను పంపేశారు."

"నువ్వు ఊరికి పెళ్ళికి పోయావని చెప్పారు నాకు."

"లేదు."

"మామా నన్ను ఒక్కమాట కూడా అడగలేదు," అన్నాడు.

"అమ్మీ చూసింది," అన్నాడు మళ్ళీ. "మెట్ల మలుపులోనే ఉంది. సీసా నా చేతిలోంచి పోతుంటే గట్టిగా అరిచింది కూడా. నీకు వినపడలేదా?"

నాకు వినపడలేదు. "ఏమని అరిచింది?"

"నా పేరు."

వాడిది కాకుండా నా పేరు అరిచి ఉంటే తల తిప్పేదాన్నేమో, తప్పుకునేదాన్నేమో అనిపించింది. ఆ సంగతి వాడితో అనలేదు. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు. క్షమించమని అడిగాడు. సరేనన్నాను. వాడి మీద నాకు నిజంగానే కోపం లేదు. అది మాత్రం పెద్దక్క నిజమే చెప్పింది.

మర్నాడు మామా ఫోన్ చేసింది. వాడు చెప్పాడన్నమాట. ముందు ముసలమ్మ ఆరోగ్యం అడిగింది, తర్వాత ఊర్లో మావాళ్ళ గురించి అడిగింది. నొప్పి ఉందా ఇంకా అని అడిగింది.

"నొప్పి లేదు మామా. ఒక పక్క గాలి ఆడదు, అంతే."

"నాకు అప్పుడే తెలిసి ఉంటే..."

"చెప్పాను మామా. మీ ముందరే నిలబడి చెప్పాను."

ఆమె మాట మార్చి, తనకు తెలిసిన మంచి డాక్టరు ఉన్నాడనీ, ఇప్పుడైనా సరిచేయించవచ్చనీ, అంతా తనే చూసుకుంటాననీ అంది. ఆ సంగతి నేను ఎప్పుడో కనుక్కున్నాను. అతుక్కుపోయిన ఎముకను తిన్నగా చేయాలంటే మళ్ళీ విరగ్గొట్టాలి. మళ్ళీ ఆ వాపు, నోటితో ఊపిరి, నమలలేని రోజులు.

"వద్దు మామా," అన్నాను. "మళ్ళీ విరగ్గొట్టాలంట. ఈసారి చూసుకునేదానికి పెద్దక్క లేదు."

ఆ మాట అన్నాక గాని నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు.